జగర్‌నాట్: జగన్నాథుడి పేరుకి ఇంగ్లీషులో పట్టిన గతి



రథయాత్ర వీడియోలో "ఇంగ్లీషులో జగర్‌నాట్ అనే మాట మన జగన్నాథుడి పేరే" అని ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్లిపోయాను. వీడియోలో అంతకంటే చోటు లేదు. కానీ ఆ వాక్యం వెనక దాదాపు ఏడు వందల ఏళ్ల కథ ఉంది. అందులో సగం మనకి నచ్చదు, కొంత కోపం కూడా వస్తుంది. అందుకే విడిగా ఈ పోస్ట్. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు అర్థం చూద్దాం

స్పెల్లింగ్ జె, యు, జి, జి, ఇ, ఆర్, ఎన్, ఎ, యు, టి. పలికేటప్పుడు మొదటి అక్షరం నొక్కి "జగర్‌నాట్" అంటారు. అర్థం: ఎవరూ ఆపలేనిది, దారిలో ఏది అడ్డొచ్చినా తొక్కుకుంటూ పోయే భారీ శక్తి.

వాడుక మీకు తెలిసిందే. వరసపెట్టి మ్యాచ్‌లు గెలిచే టీమ్ జగర్‌నాట్. కలెక్షన్లు ఆగని సినిమా బాక్సాఫీస్ జగర్‌నాట్. రాష్ట్రం తర్వాత రాష్ట్రం గెలుచుకుంటూ పోయే పార్టీది ఎలక్షన్ జగర్‌నాట్. మా సాఫ్ట్‌వేర్ వాళ్లయితే పెద్ద పోటీ కంపెనీ గురించి స్లైడ్ వేసిన ప్రతిసారీ ఈ మాట దించుతారు. కామిక్స్ చదివేవాళ్లకి ఇంకో పరిచయం ఉంది: 1965లో మార్వెల్ వాళ్ల ఎక్స్-మెన్‌లో ఈ పేరుతో ఒక విలన్ వచ్చాడు. నెత్తిన గుండ్రటి ఇనుప టోపీ, ఒకసారి పరుగు మొదలుపెడితే ఏ గోడా ఆపలేదు. 2018లో వచ్చిన డెడ్‌పూల్ 2లో కూడా చూసుంటారు. థియేటర్లో వాడు ఖైదీల వ్యాన్ బద్దలుకొట్టుకుని బయటికొస్తుంటే ఈలలు వేసిన మనలో ఎంతమందికి అది పూరీ స్వామి పేరని తట్టింది?

ఇంకో అర్థం ఉంది, ఇప్పుడు తక్కువగా వాడతారు. మనుషులు గుడ్డిగా నమ్మి తమని తాము బలి ఇచ్చుకునే ఆచారం గానీ, వ్యవస్థ గానీ. (రాత్రి రెండు గంటలకి రిలీజ్ కోసం మేలుకుని కూర్చునే నా తోటి ఇంజనీర్లు ఈ అర్థాన్ని కాస్త గుర్తుపెట్టుకుంటే మంచిది.) బ్రిటన్‌లో అయితే ఇరుకు రోడ్ల మీద అందర్నీ భయపెట్టే అతిపెద్ద లారీని కూడా జగర్‌నాట్ అంటారు. ఆ లారీ సంగతికి చివర్లో వస్తాను.

ఇందులో చిన్న తిరకాసు ఉంది. మొదటి అక్షరం పెద్ద జె అయితే స్వామి పేరు, చిన్న జె అయితే ఆ తొక్కేసే శక్తి. కోడ్ రాసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు: అక్షరాలు అవే, కేస్ మారితే వేరియబుల్ మారిపోతుంది.

జగన్నాథ ఎలా జగర్‌నాట్ అయింది?

జగత్ + నాథ. పక్కన "న" వచ్చేసరికి "త్" కాస్తా "న్" అవుతుంది, జగన్నాథ అవుతుంది. జగత్తుకి నాథుడు. ఇక్కడిదాకా స్కూల్లో చదివిన సంధే.

ఇంగ్లీషు వాళ్లు మన పేర్లని చెవితో విని రాసుకున్న రోజుల్లో పొట్టి "అ" శబ్దానికి ఎక్కువగా "యు" అక్షరం వాడేవాళ్లు. పంజాబ్‌లో "పం"కి యు. పండిట్‌లో "పం"కి యు. ఒడిశాలో కటక్ ఊరికి "క" దగ్గర యు. మనకి దగ్గర్లో కావాలంటే సికింద్రాబాద్ ఉంది. మాది బషీరాబాద్, తాండూరు పక్కన, కర్ణాటక సరిహద్దు మీద. మా నవాంద్గి స్టేషన్ వాడి నుంచి సికింద్రాబాద్ పోయే లైను మీదే ఉంటుంది. 1874లో వేసిన లైను. ఆ లైను చివర ఉన్న ఊరి బోర్డు ఈసారి ఇంగ్లీషులో చదవండి: సికందర్ అనే పేరులో "కం" దగ్గర "సి, యు, ఎన్" ఉంటుంది. అదే సూత్రం. "జ" కాస్తా జె, యు అయింది. దీర్ఘం ఉన్న "నా" ఏమో "ఎన్, ఎ, యు" అయింది. "థ" వాళ్ల నోట్లో "ట" అయింది. మధ్యలో ఒక "న" జారిపోయి "ర" దూరింది. మొత్తానికి జగర్‌నాట్.

సికింద్రాబాద్‌కి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టింది 1806లో. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

పేరు వంకరపోవడం పెద్ద విషయం కాదు. మనం కూడా వాళ్ల పేర్లని మన నోటికి తగ్గట్టు తిప్పుకున్నాం, మెకంజీ దొరని మెకన్‌జీ అన్నాం, ఇంకెన్నో అన్నాం. గురు, మంత్ర, పండిట్, అవతార్ లాంటి మాటలు కూడా మన దగ్గర్నుంచే వెళ్లి అక్కడ గౌరవంగానే బతుకుతున్నాయి. అవతార్ అయితే మీ ప్రొఫైల్ బొమ్మ దాకా వచ్చింది. ఈ ఒక్క మాటే ఎందుకు భయంతో వెళ్లింది? "లోకాన్ని కాపాడేవాడు" అన్న పేరు "తొక్కేసేది" ఎలా అయింది? అసలు ప్రశ్న అది.

ఒకరిని చూసి ఒకరు రాసిన కథ

ఒడోరిక్ అని ఇటలీకి చెందిన క్రైస్తవ సన్యాసి ఉన్నాడు. 14వ శతాబ్దం మొదట్లో మన దేశం మీదుగా చైనా దాకా వెళ్లి తిరిగొచ్చి, 1330లో తన ప్రయాణం గురించి చెప్పి రాయించాడు. అందులో ఒక విగ్రహాన్ని ఏడాదికోసారి రథం మీద ఊరేగిస్తారనీ, భక్తులు ఆ చక్రాల కింద పడి ప్రాణాలిస్తారనీ ఉంది. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా "ఒడోరిక్ పూరీ రథయాత్ర చూసి ఇలా రాశాడు" అని కనిపిస్తుంది. కానీ ఆయన చెప్పిన చోటు పూరీ కాదు. మాబార్ అని రాశాడు, అంటే ఇప్పటి తమిళనాడు తీరం, సెయింట్ థామస్ సమాధి ఉన్న ప్రాంతం. పూరీకీ దానికీ వెయ్యి కిలోమీటర్ల పైన దూరం.

ఒడోరిక్ పుస్తకం లోంచి చాలా భాగాలు ఎత్తి "మాండవిల్ యాత్రలు" అనే పుస్తకంలో వాడుకున్నారు. అప్పట్లో యూరప్‌లో అది విపరీతంగా చదివిన పుస్తకం. దాని రచయిత అసలు ఇల్లు కదిలాడో లేదో అని పండితులు ఇప్పటికీ అనుమానపడతారు. అంటే "చక్రాల కింద పడే హిందువులు" అనే బొమ్మ ఇంగ్లీషు పాఠకుడి బుర్రలోకి పూరీ పేరు లేకుండానే ముందుగా వెళ్లి కూర్చుంది. తర్వాత 1633లో విలియం బ్రూటన్ అనే ఇంగ్లీషువాడు నిజంగానే పూరీ వచ్చాడు, 1638లో అతని పుస్తకం అచ్చయింది. అప్పటికే సిద్ధంగా ఉన్న బొమ్మకి పేరు దొరికింది.

మా భాషలో చెప్పాలంటే, ఎవరో ఎక్కడో రాసిన పాత డేటా మీద టెస్ట్ చేయకుండా కాపీ, పేస్ట్ కొట్టుకుంటూ పోయారు.

ఇప్పుడు 1806కి వద్దాం. 1803లో ఈస్టిండియా కంపెనీ మరాఠాల నుంచి పూరీని తీసుకుంది. 1806లో పూరీ వచ్చే యాత్రికుల మీద పన్ను పెట్టింది. అదే ఏడాది జూన్‌లో క్లాడియస్ బుకానన్ అనే క్రైస్తవ మతాధికారి రథయాత్ర చూడ్డానికి వచ్చాడు. ఆయన రాసింది 1811లో పుస్తకంగా వచ్చి ఇంగ్లండ్‌లో బాగా అమ్ముడుపోయింది. దారి పొడవునా ఎముకలు చూశానన్నాడు. ఒక మనిషి చక్రం కింద పడుకోవడం చూశానన్నాడు. మన స్వామిని బైబిల్లో పసిపిల్లల బలి అడిగే మోలక్ అనే దేవుడితో పోల్చాడు. కంపెనీ రాజ్యంలోకి మిషనరీలని స్వేచ్ఛగా రానివ్వాలా వద్దా అని ఇంగ్లండ్‌లో గట్టి వాదన నడుస్తున్న రోజులవి. 1813లో పార్లమెంటు వాళ్లకి దారి తెరిచింది. ఆ వాదనలో "జగర్‌నాట్" చాలా పనికొచ్చిన మాట. బుకానన్‌కి న్యాయం చేయాలంటే ఇదీ చెప్పాలి: యాత్రికుల పన్ను డబ్బు కంపెనీ తింటోందని కూడా ఆయన, ఆయనలాంటివాళ్లు గట్టిగా తిట్టారు. ఆ పన్ను 1840లో పోయింది. మాట మాత్రం ఉండిపోయింది.

1847లో వచ్చిన "జేన్ ఐర్" నవలలో అనాథ పిల్లల బడి పెద్ద ఒకాయన చిన్నారి జేన్‌ని అందరి ముందు నిలబెట్టి, జగర్‌నాట్ ముందు మోకరిల్లే అన్యమతపు పిల్లల కంటే హీనమంటాడు. 1886 నాటి "జెకిల్, హైడ్" కథలో హైడ్ ఒక చిన్నపిల్లని తొక్కుకుంటూ వెళ్లిపోతే, చూసినవాడు అతన్ని జగర్‌నాట్ అంటాడు. నలభై ఏళ్ల తేడాలో ఏం జరిగిందో చూడండి. మొదటి పుస్తకంలో ఇంకా అది ఒక దేవుడి పేరు, రెండోదాంట్లో తొక్కేసే వస్తువు. చిన్న జె అవడానికి ఒక్క అడుగే మిగిలింది.

నిజంగా ఎంతమంది?

ఆండ్రూ స్టిర్లింగ్ అని కటక్ ప్రాంతంలో పనిచేసిన కంపెనీ అధికారి ఉన్నాడు. బుకానన్ లాగా ఒక్కసారి కాదు, నాలుగేళ్లు రథయాత్ర చూశాడు. 1825లో అచ్చయిన ఆయన రచనలో లెక్క ఉంది: నాలుగేళ్లలో మూడు. ఆ మూడింటిలో ఒకటి ప్రమాదమే అయ్యుంటుందన్నాడు. మిగిలిన ఇద్దరూ భరించలేని జబ్బుతో ఎన్నాళ్లుగానో బాధపడుతున్నవాళ్లు. ఆయనకి మన మతం మీద ప్రేమేమీ లేదు, ఆ పని అసహ్యమనే రాశాడు. అయినా లెక్క మార్చలేదు. అందుకే నాకు బుకానన్ కంటే స్టిర్లింగ్ మీద గౌరవం.

విలియం హంటర్ 1872లో ఒడిశా మీద రాసిన పుస్తకంలో ఇంకో మెట్టు ఎక్కాడు. జగన్నాథుడి ఆరాధన విష్ణు ఆరాధన, అక్కడ రక్తం చుక్క పొరపాటున పడినా మైల, ప్రసాదం కూడా పనికిరాకుండా పోతుంది, అలాంటి స్వామికి మనుషులు ప్రాణాలిచ్చి మెప్పిస్తారనడం ఆ మతానికే విరుద్ధం అన్నాడు. ఇంకాస్త మనవైపు నుంచి చూద్దాం. రథం మీద ఉన్న స్వామిని కళ్లారా చూస్తే మళ్లీ పుట్టుక ఉండదని మన నమ్మకం. చూస్తే చాలు. చూడ్డానికే ఇంత ఫలం చెప్పిన చోట చక్రం కింద పడుకోవాల్సిన అవసరం ఎవరికి?

మరి దారిలో ఎముకలు? అవి అబద్ధం కాదు. అంత దూరం నడిచి, వానాకాలంలో, తిండి లేక, రోగాలతో దారిలో రాలిపోయినవాళ్లు ఆ రోజుల్లో వేలల్లో ఉన్నారు. హంటర్ కూడా పూరీ దారిలో కలరా గురించి పేజీలకి పేజీలు రాశాడు. చంపింది చక్రం కాదు, కలుషితమైన నీళ్లు, ఆకలి. కానీ కలరా పేరు మీద నవలలో పోలిక రాస్తే ఏం బావుంటుంది? చక్రం అయితే బొమ్మ కడుతుంది.

అసలు రథం ఎలా ఉంటుంది?

ఇది మాత్రం నాకు ఇష్టమైన భాగం, కొంచెం ఎక్కువ రాస్తా.

మూడు రథాలు. జగన్నాథుడిది నందిఘోష, 16 చక్రాలు, ఎత్తు సుమారు 45 అడుగులు. బలభద్రుడి తాళధ్వజానికి 14 చక్రాలు. సుభద్రమ్మ దర్పదళనకి 12. అక్షయ తృతీయ నాడు పని మొదలుపెట్టి ప్రతి ఏడాదీ కొత్తగా చేస్తారు. తరతరాలుగా అదే పని చేస్తున్న వడ్రంగులు చేతి కొలతలతో చేస్తారు. నందిఘోషకి 832 చెక్క ముక్కలు పడతాయని చెబుతారు. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియ నాడు. గుడి నుంచి గుండిచా మందిరం దాకా సుమారు మూడు కిలోమీటర్లు.

ఇంజన్ లేదు. స్టీరింగ్ లేదు. మెకానికల్ వాళ్లని అడగండి, ఇలాంటి బండిని తిప్పడం ఎంత కష్టమో చెబుతారు. లాగేది మనుషులు, తాళ్లతో. దారి తప్పితే తాడు ఒకవైపు ఎక్కువ లాగి, చక్రం కింద చెక్క దిమ్మలు పెట్టి సరిచేస్తారు. ఆపాలన్నా ఆ దిమ్మలే. మా దిక్కు రథాన్ని తేరు అంటాం, కన్నడ సరిహద్దు కదా. తాండూరులో భావిగి భద్రేశ్వర స్వామి జాతరకి తేరు లాగినవాళ్లెవరికైనా ఇది వివరించక్కర్లేదు. అందరూ ఒక్కసారి లాగితేనే కదులుతుంది. సగం మంది చేతులు వదిలితే అక్కడే నిలబడుతుంది.

పూరీలోనూ అంతే. సూర్యాస్తమయం తర్వాత లాగరు. రథం ఎక్కడ ఉంటే అక్కడే రాత్రంతా ఉంటుంది, మర్నాడు మళ్లీ లాగుతారు. 2025 జూన్ 27న లక్షల మంది జనం నిండిపోయి ఉంటే, నందిఘోష మొదటిరోజు కొద్ది మీటర్లు మాత్రమే కదిలి ఆగిపోయింది. మిగతా దూరం మర్నాడే. ఇంగ్లీషు డిక్షనరీలో "ఆపలేనిది" అని ఉంటే, అసలు రథం అడుగడుగునా ఆగుతూ పోతుంది.

ఆగడం గురించి ఇంకో కథ ఉంది, ఒడిశాలో పిల్లలకి కూడా తెలుసు. సాలబేగ్ అని 17వ శతాబ్దపు భక్తుడు, ఒడియా కవి. తండ్రి మొఘల్ సుబేదారు, తల్లి హిందువు. బృందావనం నుంచి తిరిగొస్తూ దారిలో జబ్బుపడ్డాడు. రథయాత్రకి సమయానికి అందుకోలేనని స్వామిని వేడుకున్నాడట. అతను వచ్చేదాకా నందిఘోష ఎంత లాగినా కదల్లేదట. పూరీ పెద్ద వీధిలో ఆయన సమాధి ఉంది. ఇప్పటికీ అక్కడ రథం కాసేపు ఆపుతారు. గుడి లోపలికి రావడానికి అనుమతి లేనివాళ్ల కోసం, నడవలేనివాళ్ల కోసం, ఎవరి కోసమైనా స్వామే బయటికొచ్చే రోజు అది. ఆ రోజు పూరీ గజపతి మహారాజు బంగారు పిడి చీపురు పట్టుకుని రథం ఊడుస్తాడు. రాజు ఊడ్చే పని చేసే ఊరేగింపుని చూసి, మనుషుల్ని నలిపే యంత్రం అని పేరు పెట్టుకున్నారు మరి.

తెలుగులో ఇదే చక్రం

తెలుగు సాహిత్యం చదివినవాళ్లకి ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. శ్రీశ్రీ "జగన్నాథుని రథచక్రాలు". 1950లో వచ్చిన "మహాప్రస్థానం" సంపుటంలో ఉంది. అక్కడ కూడా ఆ చక్రాలు ఆపలేని శక్తే, భూమి అదిరిపోయేలా వస్తాయి. కానీ ఎవరి కోసం వస్తాయి? అణగారినవాళ్ల కోసం. కవి మాట్లాడుతున్నది వాళ్లతోనే, ఏడవకండి అని. ఇంగ్లీషు బొమ్మలో బక్కవాడు చక్రం కింద ఉంటాడు. శ్రీశ్రీ బొమ్మలో చక్రం బక్కవాడి వైపు ఉంటుంది. శ్రీశ్రీ భక్తుడు కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. విశాఖలో పుట్టినవాడు, పూరీ దూరం కాదు. రథం అంటే ఏమిటో ఆ తీరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, అదే ఆయన కవితలోకి వచ్చిందని నా అభిప్రాయం.

ప్రమాదాల మాట దాటేయకూడదు

"చూశారా, అదంతా తెల్లవాళ్ల కుట్ర" అని ఇక్కడ ఆపేస్తే చాలామంది లైక్ కొడతారు. నాకు అలా ఆపబుద్ధి కావడం లేదు. ఇందాక చెప్పిన 2025 యాత్రలోనే, జూన్ 29 తెల్లవారుజామున గుండిచా మందిరం దగ్గర తొక్కిసలాటలో ముగ్గురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టులో మన హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. వాళ్లెవరూ చక్రం కింద పడాలనుకున్నవాళ్లు కాదు. ఇంటికి తిరిగి వెళ్దామని వచ్చినవాళ్లు.

మీలో చాలామంది కాలనీ ఉత్సవ కమిటీల్లో ఉన్నారు, నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. రథం ఎత్తు ఎంత, ఆ వీధిలో వైర్లు ఎంత ఎత్తున ఉన్నాయి, కరెంటు ఆఫీసుకి ముందు చెప్పారా, జనం బయటికి పోవడానికి రెండో దారి ఉందా. డీజే ఎవరిది అన్న చర్చకి పెట్టే టైంలో పావు వంతు దీనికి పెట్టండి. బుకానన్‌కి జవాబు ఇవ్వడం ఇంటర్నెట్‌లో తేలిక, వీధిలో కష్టం.

మరి ఈ మాట వాడొచ్చా?

వాడొచ్చు. రెండు వందల ఏళ్లుగా ఇంగ్లీషులో స్థిరపడిన మాటని మనం వద్దంటే పోదు. ఢిల్లీలో 2015లో మొదలైన ఒక పుస్తకాల సంస్థ ఏకంగా జగర్‌నాట్ అని పేరు పెట్టుకుంది, నాకైతే అది నచ్చింది. టీమ్ గెలుస్తోంది, సినిమా ఆడుతోంది, ఆ సందర్భాల్లో వాడితే స్వామికి చిన్నతనమేమీ లేదు. ఎవరైనా వాడినప్పుడు "ఇది ఎక్కడి మాటో తెలుసా?" అని రెండు నిమిషాలు చెప్పండి చాలు. నేను ఆఫీసులో చెబుతూనే ఉంటా, టీమ్‌లో ఒడియా అమ్మాయి ఒకరు మాత్రమే విసుక్కోకుండా వింటారు.

లారీకి మాత్రం నేను వాడను. మా తాండూరు నుంచి నాపరాళ్లు, సిమెంటు వేసుకుని లారీలు పగలూ రాత్రీ తిరిగే రోడ్డు మాది. వికారాబాద్, చేవెళ్ల మీదుగా హైదరాబాద్ పోయే దారి. 2025 నవంబర్ 3న పొద్దున్నే చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో మా తాండూరు నుంచి వెళ్తున్న ఆర్టీసీ బస్సుని కంకర టిప్పర్ ఢీకొంది. కంకర మొత్తం బస్సు మీద పడింది. ఆ బస్సులో ఉన్నవాళ్లు కాలేజీలకి, ఉద్యోగాలకి పోతున్న మా దిక్కు జనం. బ్రిటన్ ఇంగ్లీషులో రాస్తే ఆ టిప్పర్‌ని జగర్‌నాట్ అనొచ్చు, డిక్షనరీ ప్రకారం తప్పు లేదు. ఆ బండికి ఆ పేరు పెట్టడానికి నా చెయ్యి రాదు.

లండన్‌లో ఉన్న మన చానల్ ఫ్రెండ్స్‌కి ఒక మాట. ఇస్కాన్ వాళ్లు 1967లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన రథయాత్ర మీ ఊరికి 1969లోనే వచ్చింది. ఇప్పుడు హైడ్ పార్క్ దగ్గర మొదలై ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా వెళ్తుంది. లారీలని జగర్‌నాట్ అని పిలిచే ఊళ్లో, అసలు జగన్నాథుడి రథం మనుషులు లాగితే మనుషుల నడక వేగంతో పోతుంది. మీ ఇంగ్లీషు కొలీగ్‌ని ఒకరిని తీసుకెళ్లి తాడు పట్టించండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో ఒడియా వాళ్లు కట్టుకున్న జగన్నాథ మందిరం ఉంది, 2009లో కట్టారు, అక్కడా రథయాత్ర జరుగుతుంది. ఆషాఢ విదియ నాడు సాయంత్రం సెలవు పెట్టుకోండి.

వీడియో కింద ఒకరు అడిగిన ప్రశ్నకి కూడా జవాబు రాసేస్తా: యాత్ర అయిపోయాక అంత పెద్ద రథాన్ని ఏం చేస్తారు? దాచరు. తిరుగు యాత్ర ముగిశాక మూడు రథాలనీ విప్పేస్తారు. కొన్ని భాగాలు మరుసటి ఏడాదికి ఉంచుతారు, కొన్ని భక్తులకి ఇస్తారు. మిగిలిన చెక్క చాలావరకు గుడి వంటశాలకి పోతుంది, స్వామి మహాప్రసాదం వండే పొయ్యిల కిందకి.